విమ్‌లో ఇరుక్కుపోయారా? ముందు స్క్రీన్ అడుగున ఉన్న లైన్ చూడండి

టైప్ చేస్తే అక్షరాలు పడవు, ఉన్న లైన్లు మాయమవుతాయి.
విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ నార్మల్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అక్కడ ప్రతి కీ ఒక కమాండ్. డి రెండుసార్లు కొడితే లైన్ మొత్తం పోతుంది. ఎస్కేప్ కొట్టి యు నొక్కితే తిరిగొస్తుంది. రాయాలంటే ఐ కొట్టండి, కింద ఇన్సర్ట్ అని కనబడాలి.

జె కొడితే కిందికి దిగకుండా లైన్లు అతుక్కుంటున్నాయి.
క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంది. అంతే.

బయటికి రాలేకపోతున్నా.
బయటికి రావడానికి కోలన్, క్యూ అని కొడితే అవి ఫైల్లోనే పడుతున్నాయంటే మీరింకా ఇన్సర్ట్‌లోనే ఉన్నారు. ఎస్కేప్ కొట్టి మళ్లీ మొదలెట్టండి. మార్పులు సేవ్ కాలేదని విమ్ అడ్డుపడితే, ఉంచుకోవడానికి కోలన్ డబ్ల్యూ క్యూ, వదిలేయడానికి కోలన్ క్యూ తర్వాత ఆశ్చర్యార్థకం. కోలన్ మరిచి ఉత్త క్యూ, వెంటనే ఇంకో అక్షరం కొడితే కింద రికార్డింగ్ అని వస్తుంది. ఇంకోసారి క్యూ కొడితే ఆగుతుంది.

ఎస్కేప్ అంత మూలన ఎందుకుందని విసుక్కోకండి. బిల్ జాయ్ 1976లో విమ్‌కి మూలమైన వీఐ ఎడిటర్ మొదలుపెట్టాక వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో అది ఇప్పటి ట్యాబ్ చోట ఉండేది. దూరమనిపిస్తే కంట్రోల్ పట్టుకుని ఎడమ స్క్వేర్ బ్రాకెట్ నొక్కండి, అదీ ఎస్కేపే.

సేవ్ చేద్దామని కంట్రోల్ ఎస్ కొడితే స్క్రీన్ బిగుసుకుపోయింది.
చాలా టెర్మినళ్లలో ఆ కీకి అర్థం "అవుట్‌పుట్ ఆపు". కంట్రోల్ క్యూ కొడితే కదులుతుంది. నాకు మొదటిసారి ఇది తెలియక టెన్షన్‌లో విండోనే మూసేశాను. మళ్లీ ఫైల్ తెరిస్తే స్వాప్ ఫైల్ ఉందంటూ పెద్ద హెచ్చరిక! భయపెట్టేలా ఉన్నా అది మన మంచికే, సేవ్ చేయని రాత చాలావరకు అందులో ఉంటుంది. అదే ఫైల్ ఇంకో విండోలో తెరిచి ఉంటే క్యూ కొట్టి అక్కడికే వెళ్లండి. లేకపోతే ఆర్ కొట్టి, వచ్చింది సరిచూసి సేవ్ చేసి మూసేయండి. మళ్లీ తెరిచినప్పుడు అదే హెచ్చరిక వస్తే డి కొట్టి పాత స్వాప్ తీసేయండి.

తెలుగులో రాసి ఎస్కేప్ కొట్టాక ఏ కమాండూ పనిచేయడం లేదు.
కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ఐ కీ కొడితే విమ్‌కి అందేది 'గ'. గ అనే కమాండ్ దానికి లేదు. ఎస్కేప్ కొట్టగానే ఇంగ్లీషుకి మార్చండి, ఐ కొట్టాక మళ్లీ తెలుగుకి రండి.