ప్రాంతాల పేదరికం లెక్కలు – 3వ పాఠం: తేడా ఇంటిదా, ఊరిదా?

పోయిన పాఠంలో ఒక జిల్లా పేదరికం రేటు, అంటే నూటికి ఎన్ని ఇళ్లు పేదవో, కట్టాం. ఈసారి రెండు జిల్లాల మధ్య తేడాను విడగొడదాం. కాగితం, పెన్ను తీసుకోండి. అంకెలు లెక్క కోసం అనుకున్నవే, ఏ జిల్లావీ కావు.

‘క’ జిల్లాలో నూటికి 70 ఇళ్లలో ఇంటిపెద్దకు చదువు లేదు. ఆ ఇళ్లలో 40 శాతం పేదవి, చదువున్న ఇళ్లలో 10 శాతం. ‘గ’ జిల్లాలో చదువు లేనివి 40 ఇళ్లే. వాటిలో 30 శాతం పేదవి, మిగతా వాటిలో 5 శాతం.

‘క’ రేటు 28 + 3 = 31. ‘గ’ రేటు 12 + 3 = 15. తేడా 16.

అసలు కిటుకు ఇక్కడుంది. ‘క’ రేట్లు అలాగే ఉంచి, ఇళ్ల వాటాలు మాత్రం ‘గ’వి వేయండి: 16 + 6 = 22. 31 నుంచి 22కి రేటు 9 తగ్గింది. ఈ 9 వచ్చింది ఇళ్ల చదువులో తేడా వల్ల, ఇది ఇంటి వాటా. మిగిలిన 7 మాత్రం చదువు ఒకటే అయినా పోని తేడా, ఇది ఊరి వాటా. కాలువ నీళ్లు, రోడ్డు, భూమి హక్కు, అప్పు దొరికే తీరు అన్నీ అందులోనే ఉంటాయి. మనం లెక్కలోకి తీసుకోని కుటుంబ పరిమాణం లాంటివి కూడా అందులోనే చేరతాయి, జాగ్రత్త.

ఆ 7 ఒక్కోసారి చాలా పాతది. 1802 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో కొన్ని చోట్ల శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది, అంటే జమీందారు సర్కారుకు కట్టే భూమి పన్ను ఎప్పటికీ మారకుండా ఖాయం చేశారు. విజయనగరం, బొబ్బిలి వైపు శిస్తు వసూలు జమీందార్లది. దత్త మండలాల్లో (ఇప్పటి రాయలసీమ వైపు) అప్పటి కలెక్టర్ థామస్ మన్రో తెచ్చిన రైత్వారీలో రైతే నేరుగా సర్కారుకు కట్టేవాడు. మద్రాసులో జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది. అయినా, ఇలా జమీందార్ల చేతిలో ఉన్న జిల్లాలు స్వాతంత్ర్యం తర్వాత కూడా సాగు పెట్టుబడిలో, దిగుబడిలో, బడుల్లో వెనకబడ్డాయని దేశంలోని జిల్లాలను పోల్చి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మి అయ్యర్ 2005లో చూపించారు.

మరి రాయలసీమ రైత్వారీయే కదా, అక్కడ కరువెందుకు అంటారా? వాన సంగతి వేరు. శిస్తు పద్ధతి ఒక్కటే అన్నిటికీ జవాబు కాదు.

ఇంకో మాట. 9ని చూసి ‘తప్పు ఆ కుటుంబాలదే’ అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఊళ్లో బడే లేకపోతే ఇంటిపెద్దకు చదువు ఎక్కడిది? ఆ 9లో కొంత నిజానికి ఊరి ఖాతాలోదే.

అభ్యాసం: ఈసారి ‘గ’ రేట్లకు ‘క’ వాటాలు వేయండి. 22.5 వస్తుంది. అంటే ఊరి వాటా 7 కాదు, 31 – 22.5 = 8.5. తేడా 16 మారలేదు, మరి ముక్కలెందుకు మారాయి? మీ జవాబు రాసి పెట్టుకోండి, 4వ పాఠం అక్కడే మొదలవుతుంది.