చెత్తబుట్టకి చేరకముందే: ఇంట్లో సర్క్యులర్ ఎకానమీ

సర్క్యులర్ ఎకానమీ అనగానే చాలామంది రీసైక్లింగ్ అనుకుంటారు. నిజానికి ఇది వస్తువుల్ని వీలైనన్నాళ్లు వాడుకలోనే ఉంచే పద్ధతి, రీసైక్లింగ్ అందులో ఆఖరి మెట్టు. చెడిపోతే బాగుచేయడం, బాగుపడకపోతే విడిభాగాలు వాడుకోవడం, అదీ కుదరకపోతేనే కరిగించడం. గాజు, అల్యూమినియం ఎన్నిసార్లు కరిగించినా చెడవు గానీ, కాగితం అలా కాదు. దాని పీచు ప్రతిసారీ పొట్టిదైపోయి, ఐదారు సార్లయ్యాక ఇక పనికిరాదు.

ముందు ఒక వారం చెత్తని తూకం వేయండి. తడి చెత్త, కాగితం, ప్లాస్టిక్, పాడైన వస్తువులు వేరు వేరు సంచుల్లో వేసి, ఏది ఎక్కువ తూగితే దానితో మొదలుపెట్టండి. చాలా ఇళ్లలో తడి చెత్తే ముందుంటుంది.

దాన్ని ఎరువుగా మార్చడానికి 20 లీటర్ల బకెట్లు రెండు చాలు. అడుగునా పక్కలా వేలు పట్టీపట్టనంత రంధ్రాలు చేసి, అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు పరవండి. ఒక వంతు తొక్కలు వేస్తే రెండు వంతులు ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో పడాలి. మూడు నాలుగు రోజులకోసారి అడుగుదాకా తిరగేయండి. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారి కంపు కొడుతోందంటే లోపల గాలి ఆడట్లేదని అర్థం. అప్పుడు ఇంకా ఎండుటాకులు కలిపి తిరగేయాలి. చీమలు పట్టాయంటే ఎండిపోయింది, కాసిని నీళ్లు చల్లండి. మొదటిది నిండాక రెండోది మొదలెట్టి, నిండినదాన్ని రెండు మూడు నెలలు మాగనివ్వండి. మట్టి వాసన వస్తే ఎరువు తయారైనట్టే.

ఇక మరమ్మతు. సీలింగ్ ఫ్యాన్‌నే తీసుకోండి. స్విచ్ వేస్తే గుయ్‌మంటూ కదలదు, చేత్తో తిప్పితే మెల్లగా తిరుగుతుంది. చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది, పోయింది మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్. ఈ చిన్న డబ్బా కోసం ఫ్యాన్ మొత్తం పారేయడం అన్యాయం. గోడ స్విచ్ కట్టేస్తే సరిపోదు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఫ్యాన్ కడ్డీకి పైనా కిందా ఉండే గిన్నెల్లాంటి మూతల్లో ఏదో ఒకదాని లోపల రెండు వైర్ల కెపాసిటర్ కనబడుతుంది. ముందు ఒక ఫొటో తీసుకోండి. పిడి తప్ప మరెక్కడా పట్టుకోకుండా స్క్రూడ్రైవర్‌తో దాని రెండు కొసల్నీ కలిపి, మిగిలిన చార్జ్ పోగొట్టండి. దానిమీద 2.5 మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యపు కొలత, µF అని రాస్తారు) అని ఉంటే కొత్తదీ అంతే ఉండాలి. వోల్టేజీ పాతదానికన్నా తగ్గకూడదు. వేగం కోసం పెద్దది వేస్తే వైండింగ్, అంటే మోటారులోని తీగచుట్ట, వేడెక్కి కాలిపోవచ్చు, అప్పుడు నిజంగానే ఫ్యాన్ పోతుంది. రెండు వైర్లలో ఏది ఎటైనా ఫర్వాలేదు. కొత్తది వేసినా తిరక్కపోతే బేరింగో, వైండింగో చూపించాలి.

లిథియం బ్యాటరీలు మాత్రం ఎప్పుడూ మామూలు చెత్తలో వేయకండి. చెత్త బండిలో నలిగితే అంటుకుంటాయి. కొసలకి టేపు వేసి ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, చార్జింగ్ పెట్టకూడదు.

కొత్త వస్తువు కొనేటప్పుడు ఒకసారి తిరగేసి చూడండి. మామూలు స్క్రూలుంటే విప్పడం తేలిక, జిగురుతో అతికించి ఉంటే మరమ్మతు కష్టం. బ్యాటరీ ఊడొస్తుందా, విడిభాగాలు ఎన్నేళ్లపాటు దొరుకుతాయి అన్న రెండు ప్రశ్నలకి అమ్మేవాళ్ల దగ్గర సూటి జవాబు లేకపోతే మరొకటి చూసుకోండి.