ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెప్పడం ఎలా?

సాయంత్రం ఆరింటికి వరండాలో చాప పరుస్తాం. పిల్లలు వస్తారు. స్కూల్లో ఇచ్చిన హోంవర్క్ చేయించి, గైడులో జవాబులు నాలుగు బట్టీ పట్టించి, ఏడున్నరకి పంపేస్తాం. మొదటి రెండేళ్లు నేనూ ఇదే చేశాను. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు ఘర్షణ నిర్వచనం గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. ఓ వానరోజు, "తడిస్తే నీ సైకిల్ బ్రేకు ఎందుకు సరిగా పట్టదురా?" అని అడిగితే, "అది సిలబస్‌లో లేదు సార్" అన్నాడు. అప్పట్నుంచి పద్ధతి మార్చుకున్నాను.

1. మొదటి రోజు పుస్తకం తెరవకండి

పిల్లల్ని ప్రశ్నలు అడగండి. చందమామ ఎందుకు తగ్గుతూ పెరుగుతూ ఉంటాడు? ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట నీటి చుక్కలు ఎక్కడివి? చిన్న మొలక చెట్టయ్యేసరికి ఆ బరువంతా ఎక్కడినుంచి వచ్చింది? వాళ్లు చెప్పింది చెప్పినట్టే ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయించండి. ఆ రోజు తప్పులు దిద్దొద్దు. నోరు కట్టుకోవడం కష్టమే, కానీ తప్పదు.

చందమామ ప్రశ్నకు ఎక్కువమంది "భూమి నీడ పడుతుంది" అంటారు. చెట్టు బరువు మట్టిలోంచి వచ్చిందంటారు. అది చాలావరకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి, నీటి నుంచి వస్తుందని చెబితే నమ్మరు. ఈ సొంత లెక్కల్ని కదపకుండా పైన పాఠం చెబితే పిల్లాడి దగ్గర రెండు జవాబులుంటాయి. ఒకటి పరీక్షకి, రెండోది తనకి.

చందమామ సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. గది చీకటి చేసి ఒక్క బల్బు వెలిగించండి. ప్లాస్టిక్ బంతికి పెన్సిలు గుచ్చి పిల్లాడి చేతికివ్వండి. వాడి తలే భూమి. చెయ్యి చాపి, బంతిని తలకంటే కాస్త ఎత్తులో పట్టుకుని, ఉన్నచోటే మెల్లగా చుట్టూ తిరగమనండి. బంతి బల్బు వైపు ఉన్నప్పుడు వాడికి కనిపించేది చీకటి సగం, అంటే అమావాస్య. బల్బుకి వీపు పెట్టి నిలబడితే పౌర్ణమి. చెయ్యి కాస్త కిందికి దిగితే వాడి తల నీడే బంతి మీద పడుతుంది. "అదిగో, దాన్నే కదా గ్రహణం అంటాం" అని అప్పుడు చెప్పండి. నీడ జవాబు దేనికి సరిపోతుందో వాడే పట్టుకుంటాడు.

2. మాటల చిక్కు ముందే విప్పండి

మన ఇళ్లలో బలం, శక్తి, సామర్థ్యం మూడూ ఒకటే. "ఒంట్లో శక్తి లేదు" అన్నా "బలం లేదు" అన్నా తేడా ఉండదు. ఫిజిక్స్‌లో మాత్రం బలానికి న్యూటన్, శక్తికి జౌల్, సామర్థ్యానికి వాట్ అని వేర్వేరు ప్రమాణాలున్నాయి. 'వేడి' కూడా అంతే. చెంబుడు మరిగే నీళ్లలో ఎక్కువ వేడి ఉందా, డ్రమ్ముడు గోరువెచ్చని నీళ్లలోనా? ఈ ఒక్క ప్రశ్నతో ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అని తెలుస్తుంది.

పొడవాటి పదాన్ని చూసి పిల్లలు బెదిరిపోతారు. కిరణజన్య సంయోగక్రియను విడగొట్టి చూపించండి: కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. ఇంగ్లిష్ మీడియం పిల్లలైనా ముందు తెలుగులో చెప్పనివ్వండి, ఆ తర్వాత ఇంగ్లిష్ పదం ఇవ్వండి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకం దొరికితే మీ పని సగం తగ్గినట్టే.

3. వంటగదినే ల్యాబ్ చేసుకోండి

పసుపు ముద్దను తెల్లకాగితం మీద రాసి ఆరబెట్టండి. సబ్బునీటి చుక్క వేస్తే ఎర్రబడుతుంది. దాని మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు వస్తుంది. "దిష్టి తీసే ఎర్రనీళ్లలో మీ అమ్మమ్మ ఏం కలుపుతుంది?" అని అడగండి. పసుపు, సున్నం అని ఎవరో ఒకరు అంటారు. ఇక్కడో తిరకాసు ఉంది. పసుపు కాగితం మీద నిమ్మరసం వేసినా, మామూలు నీళ్లు వేసినా రంగు మారదు కాబట్టి ఆమ్లమేదో, తటస్థమేదో దాంతో తెలియదు. అందుకే మందార రేకులు వేడినీళ్లలో నానబెట్టిన రసం కూడా ఉంచుకోండి. ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకి, క్షారంలో ఆకుపచ్చకి మారుతుంది. సున్నం బఠాణీ గింజంత చాలు, అది కళ్ల దగ్గరికి పోకూడదు. బాత్రూం కడిగే యాసిడ్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు.

ప్రయోగం చేసి "ఎందుకు?" అని మీరే జవాబు చెప్పేయకండి. ఈ విషయంలో నా పరువు ఓసారి పోయింది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లించాను. కొవ్వొత్తి ఆరింది, గ్లాసులోకి నీళ్లు ఎక్కాయి. "ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి" అన్నాను. ఏడో తరగతి అమ్మాయి మళ్లీ చేసి చూసింది. "ఆక్సిజన్ మంట ఉన్నంతసేపూ ఖర్చవుతుంది కదా సార్, మరి నీళ్లు మంట ఆరాకే ఎందుకు గబగబా ఎక్కుతున్నాయి?" అంది. నా దగ్గర జవాబు లేదు. "రేపు చెప్తానమ్మా" అని ఇంటికెళ్లి చదువుకున్నాను. ముఖ్య కారణం గాలి చల్లబడటం. వేడికి వ్యాకోచించిన గాలి, మంట ఆరాక కుంచించుకుపోతుంది, అప్పుడు బయటి గాలి పీడనం నీటిని లోపలికి తోస్తుంది. మంట ఆరేటప్పటికి ఆక్సిజన్ మొత్తం అయిపోదు కూడా. మర్నాడు "నిన్న నేను తప్పు చెప్పాను" అని ఒప్పుకున్నాను.

4. లెక్కలకి ఇంట్లో వస్తువులే తీసుకోండి

పీడనం పాఠానికి తలమీద బిందె, దాని కింద చుట్టకుదురు బాగా పనికొస్తాయి. నీళ్లతో బిందె 15 కిలోలనుకుందాం. దాని బరువు సుమారు 150 న్యూటన్లు. బిందె అడుగు తలకి 30 చదరపు సెంటీమీటర్ల మేర ఆనితే పీడనం 50,000 పాస్కల్స్. కుదురు పెట్టి ఆ వైశాల్యాన్ని 150 చదరపు సెంటీమీటర్లకి పెంచితే 10,000 మాత్రమే. చదరపు సెంటీమీటర్లను చదరపు మీటర్లలోకి మార్చే చోటే అందరూ బోల్తా పడతారు. ఆ మెట్టు ఒక్కటీ రోజూ చేయించండి.

5. గంటను పంచుకోండి

మొదటి పది నిమిషాలు పుస్తకం మూసి నిన్నటి పాఠం చెప్పించండి. చివరి పావుగంట రాయించండి. నోటితో చక్కగా చెప్పినవాడు ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే స్కూల్లో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్ష) పేపర్లో మూడు ముక్కలు రాసి వచ్చేస్తాడు. బొమ్మలకి పేర్లు రాయడం, జవాబుకి ప్రమాణం వేయడం అలవాటు చేయాలి. ఒక బ్యాచ్‌కి ఐదారుగురు చాలు. స్టేట్ సిలబస్‌లో ఎనిమిదికి రాగానే సైన్స్ పీఎస్ (భౌతిక, రసాయన శాస్త్రాలు), ఎన్‌ఎస్ (జీవశాస్త్రం) అని రెండుగా విడిపోతుంది కాబట్టి ఏడుని, ఎనిమిదిని కలిపి కూర్చోబెట్టకపోవడమే మంచిది.

6. తల్లిదండ్రులకి ముందే చెప్పండి

నెల తిరక్కుండానే "మార్కులు పెరగలేదేంటి సార్?" అంటారు. మొదటి ఎఫ్‌ఏకి పెద్ద తేడా కనిపించకపోవచ్చని చేరే రోజే చెప్పేయండి. మూడు నెలలయ్యాక మొదటి రోజు నోట్‌బుక్ పిల్లాడికే ఇచ్చి, వాడి పాత జవాబులు వాడితోనే ఎర్ర పెన్నుతో దిద్దించండి. వాళ్ల నాన్న ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు ఆ పేజీ చూపిస్తే సరిపోతుంది.