గోడ మీద నిరసన బొమ్మ వేసే ముందు

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే గోడలకు గిరాకీ పెరుగుతుంది, గోడల మీద నిఘా కూడా పెరుగుతుంది. గుంతల రోడ్ల మీదో, పెరిగిన ఫీజుల మీదో బొమ్మ వేసి శాంతంగా నిరసన చెప్పాలనుకునేవాళ్లు ముందు ఆ గోడ ఎవరిదో తేల్చుకోవాలి. బొమ్మ ఎంత బాగున్నా పోలీసులు అడిగే మొదటి ప్రశ్న అదే.

బహిరంగ ప్రదేశాలను పాడుచేయకూడదంటూ 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం వచ్చింది. కాబట్టి ప్రభుత్వ ఆఫీసు గోడ, ఫ్లైఓవర్ పిల్లర్, బస్ షెల్టర్ జోలికి పోవద్దు. ఎన్నికల కోడ్ వచ్చాక అయితే ప్రభుత్వ ఆస్తుల మీది రాతలను 24 గంటల్లో, బస్టాండ్ల వంటి చోట్ల 48 గంటల్లో చెరిపేస్తారు. వారం కష్టపడి వేసింది ఒక్క పూటలో సున్నం కిందకి పోతుంది.

ప్రైవేటు గోడ అయితే యజమాని నోటిమాట చాలదు. ఇంటి నంబరు, ఏ వైపు గోడ, ఏయే తేదీల్లో, ఏ బొమ్మ అన్నవి రాయించి సంతకం పెట్టించుకోండి. అద్దెకున్నాయన సరే అంటే సరిపోదు. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ నుంచి లెటర్ కావాలి. అది ఉన్నా మున్సిపాలిటీ వాళ్లను ఒకసారి అడగడం మేలు.

నేల మీద ముగ్గే కదా, ఎవరేమంటారు అనుకోకండి. 2019 డిసెంబర్ చివర్లో చెన్నై బీసెంట్ నగర్‌లో పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా ముగ్గులు వేసినవాళ్లను అనుమతి లేదంటూ పోలీసులు అదుపులోకి తీసుకుని, తర్వాత వదిలేశారు. దాంతో తమిళనాడులో ఇంకా చాలా వాకిళ్లలో అవే ముగ్గులు వెలిశాయి, అది వేరే సంగతి. మీ వాకిట్లో మీరు వేసుకోవడం వేరు, గుంపుగా వీధిలోకి వెళ్లి వేయడం వేరు. పాత 144, అంటే ఇప్పటి 163 సెక్షన్ ఆంక్షలు ఉన్నాయేమో కనుక్కోండి. స్టేషన్‌లో అర్జీ ఇస్తే కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, దెబ్బ ఎవరి మీద పడుతుందన్నది. 2021 మేలో ఢిల్లీలో వ్యాక్సిన్ల ఎగుమతిని ప్రశ్నిస్తూ పోస్టర్లు వెలిస్తే, అరెస్టయినవాళ్లలో దినకూలీలు ఉన్నారు. 2023 మార్చిలో ప్రధానికి వ్యతిరేకంగా పోస్టర్లు వెలిసినప్పుడు ప్రింటింగ్ ప్రెస్ యజమానులను కూడా పట్టుకున్నారు. పోస్టర్ మీద ప్రెస్ పేరు లేదన్నది ఒక అభ్యంతరం. ఆలోచన మీది, జైలు ఐదొందల కూలికి వచ్చినవాడిదీ అయితే అది నిరసనే కాదని నా అభిప్రాయం. అంటించేవాళ్లకు, పెయింటర్‌కు విషయమేమిటో ముందే చెప్పండి, బొమ్మ పూర్తయ్యేదాకా పక్కనే ఉండండి. ఎన్నికల పోస్టర్ అయితే ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా వేయాల్సిందే.

బొమ్మలో కులాన్నీ మతాన్నీ కెలకొద్దు. జాతీయ జెండా మీద నినాదం రాస్తే దానికి విడిగా కేసు ఉంది.

పని పగలే పెట్టుకోండి. అర్ధరాత్రి డబ్బాలు పట్టుకుని తిరిగితే లెటర్ ఉన్నా అనుమానమే. నాచును, పెచ్చులూడే సున్నాన్ని వైర్ బ్రష్‌తో గీకి, దుమ్ము దులిపి, ప్రైమర్ కొట్టకపోతే మొదటి వానకే రంగు పొరలుగా లేస్తుంది. స్ప్రే వాడితే కరోనా నాటి ఎన్-95 మాస్కు రంగు తుంపరను కొంత ఆపుతుందేమో గానీ, థిన్నర్ ఆవిరిని ఆపదు. బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్కు కొనండి. అల్యూమినియం నిచ్చెన వేసే ముందు తలెత్తి చూడండి. మన వీధుల్లో గోడకు జానెడు దూరంలోనే సర్వీసు వైరు వేలాడుతుంటుంది.

పూర్తయిన రోజే తేదీతో ఫొటోలు తీసి రెండు మూడు చోట్ల దాచండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016లో విద్యార్థులు అంబేడ్కర్, ఫూలే ఫ్లెక్సీలతో కట్టుకున్న వెలివాడ అనే నిరసన శిబిరాన్ని 2019లో అధికారులు తీసేశారు. మీ బొమ్మ పోయినా ఫొటో మిగలాలి.

పోలీసులు వస్తే అందరూ ఒకేసారి మాట్లాడొద్దు, ఒక్కరే లెటర్ చూపించి మాట్లాడండి. ఫోన్ తీసుకుంటారు కాబట్టి లాయర్ నంబరు కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. చదవకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు.