రిటైల్ మార్కెటింగ్ చదువుకు స్కాలర్‌షిప్ ఎలా వెతుక్కోవాలి?

విజయనగరం గంటస్తంభం చుట్టూ ఉన్న బట్టల షాపుల్లోకి సాయంత్రం వెళ్తే, చీరలు మడతపెడుతూ డిగ్రీ చదివే పిల్లలు కనిపిస్తారు. పొద్దున కాలేజీ, సాయంత్రం కౌంటరు. ఈ పనినే, అంటే రిటైల్ మార్కెటింగ్‌నే, చదువుగా చదవాలని ఉండి, ఫీజు దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు వెతికే పద్ధతి మార్చండి. ఫోన్‌లో ‘రిటైల్ మార్కెటింగ్ స్కాలర్‌షిప్’ అని కొడితే పనికొచ్చేది పెద్దగా దొరకదు. మన దగ్గర స్కాలర్‌షిప్ చాలావరకు సబ్జెక్టును చూసి రాదు; ఇంటి ఆదాయం, కులం, మార్కులు, చేరిన కోర్సు చూసి వస్తుంది. రిటైల్ అనేది బీబీఏ, బీకామ్, ఎంబీఏల లోపల ఉంటుంది కాబట్టి ఆ కోర్సుల పేరుతోనే వెతకండి.

రెండోది సీటు. డిగ్రీకి ఆన్‌లైన్ అడ్మిషన్లలో, ఎంబీఏకి ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటులో, చేరండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. “ముందు చేరిపో బాబూ, తర్వాత చూద్దాం” అనే మాట ఎవరన్నా నమ్మకండి. శ్రీకాకుళం వాళ్లకు ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీలోనే ఎంబీఏ ఉంది. బీబీఏలో చేరేవాళ్లు రిటైల్ ఆపరేషన్స్ కోర్సు ఉందేమో కూడా అడగండి. కొన్ని కాలేజీల్లో ఇది అప్రెంటిస్‌షిప్‌తో కలిపి ఉంటుంది. షాపులో పని నేర్చుకునే నెలల్లో స్టైపెండ్ వస్తుంది. నన్నడిగితే చిన్న స్కాలర్‌షిప్ కన్నా ఇదే మేలు.

ఇక డబ్బు ఎక్కడెక్కడుందో చూద్దాం. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్లో కాలేజీ ద్వారా నడుస్తుంది. కాలేజీ హాజరు 75 శాతం ఉండాలి, కాబట్టి షాపు డ్యూటీ సాయంత్రానికే పెట్టుకోండి.

ఇంటర్‌లో మీ గ్రూపులో పై 20 శాతంలో ఉంటే, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు అప్లై చేయవచ్చు. ఆదాయ పరిమితి 4.5 లక్షలు. డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000 ఇస్తారు. అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది ఇవ్వరు. గవర్నమెంట్ కాలేజీలో ఫీజు తక్కువే కాబట్టి అక్కడ ఈ 12,000 లాభం. ప్రైవేటు బీబీఏ అయితే ఫీజు ఎంతో చూసి, ఏది ఎక్కువో లెక్కేసుకోండి.

ప్రైవేటు వాటిలో రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ స్కాలర్‌షిప్ పెద్దది. ఏ కోర్సువాళ్లయినా ఫస్టియర్‌లోనే అప్లై చేయాలి. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, ఆన్‌లైన్ పరీక్ష రాయాలి. ఎంపికైతే కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు వస్తుంది. ఈమధ్య గడువు అక్టోబరు మొదట్లోనే ముగుస్తోంది. దసరా వెళ్లి, పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగాక చూద్దాంలే అనుకుంటే అయిపోయినట్టే.

అసలు తలనొప్పి కాగితాల దగ్గర. మా మేనకోడలి సంగతే చూడండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. పేరు కలవలేదని అప్లికేషన్ వెనక్కి వచ్చింది. ఆధార్ మార్పించి మళ్లీ పెట్టాం. అప్లికేషన్ పాసైంది గానీ, డబ్బు మాత్రం ఎంతకీ రాలేదు. బ్యాంకుకు వెళ్తే కౌంటర్లో ఆవిడ పాస్‌బుక్ తిప్పి చూసి, “ఏటమ్మా, మరో బ్యాంకులో అకౌంట్ తీసావా?” అని అడిగింది. తీసింది నిజమే, అంతకు ముందు నెలలో. ఆధార్‌తో పడే ప్రభుత్వ డబ్బు, చివరిగా లింక్ చేసిన అకౌంట్‌లోకే వెళ్తుంది. మేం ఒక అకౌంట్ చూస్తూ కూర్చుంటే డబ్బు రెండోదాంట్లో పడి ఉంది. ఏ బ్యాంకు లింకై ఉందో మై ఆధార్ సైట్లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కి, ఓటీపీ ఇస్తే తెలుస్తుంది. అప్లై చేసే ముందే చూసుకోండి.

ఆదాయ, కుల ధ్రువపత్రాలకు సచివాలయంలో అడ్మిషన్ల హడావుడి మొదలవక ముందే పెట్టుకోండి. అప్లికేషన్ నంబరును స్క్రీన్‌షాట్ తీసుకోవడంతో సరిపెట్టకుండా, కాగితం మీద కూడా రాసుకోండి. రెండో ఏడాది రెన్యువల్‌కు మళ్లీ అవసరం పడొచ్చు.

డిగ్రీకి కుదరనివాళ్లకు మరో దారుంది. గ్రామీణ పేద కుటుంబాల యువతకు డీడీయూ-జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) అనే కేంద్ర పథకం కింద రిటైల్ సేల్స్ శిక్షణ ఉచితంగా ఇస్తారు, ఉద్యోగమూ చూపిస్తారు. మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. మీ మండలంలో బ్యాచ్ ఎప్పుడో వెలుగు ఆఫీసులో అడగండి.

ఈలోగా ఎవరైనా ఫోన్ చేసి “మీ స్కాలర్‌షిప్ శాంక్షనైంది, ప్రాసెసింగ్ ఫీజు పంపండి” అంటే ఫోన్ పెట్టేయండి. ఓటీపీ అడిగినా అంతే.