పటాలం వదిలి పల్లె వైద్యానికి వచ్చే డాక్టరుకు

బెంగళూరులో సైనిక వైద్యసేవ ముగించుకొని, తెలుగు వినిపించే చింతామణి, బాగేపల్లి తాలూకాల పల్లెల్లో క్లినిక్ పెట్టదలచినవారు ముందుగా కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని, ఆపైన 2007 నాటి ప్రైవేటు వైద్యసంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ పొందాలి. ఇది కాగితాల పని, ఓపిక ఉంటే అయిపోతుంది.

కష్టమంతా అలవాటు మార్చుకోవడంలోనే. జవాను ఆజ్ఞ ప్రకారం మాత్ర మింగుతాడు, ఇక్కడ ముసలమ్మ "సూదెయ్యవా సామీ?" అంటుంది కనుక, అక్కరలేదనడానికి కారణం కూర్చోబెట్టి చెప్పాలి.

పాము కరిచినవారు వస్తే, 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే రక్తపింజరి వంటి పాము విషం ఎక్కినట్టు అనుమానించి విషవిరుగుడు మొదలుపెట్టాలి. కట్లపాము విషం నరాలను దెబ్బతీసేది కనుక, రక్తం గడ్డకట్టినంత మాత్రాన దాని కాటు కాదనుకోరాదు, కనురెప్పలు వాలుతున్నాయేమో చూస్తూ ఉండాలి.