టోస్ట్ మీద క్రీమ్డ్ బీఫ్ గ్రేవీ: చప్పగా రాకుండా వండుకోవడం ఎలా

బీఫ్ కీమా, మైదా, పాలు, మిరియాలు, బ్రెడ్డు. ఇవి ఇంట్లో ఉంటే అరగంటలో నలుగురికి కడుపు నిండా పెట్టొచ్చు. అమెరికాలో దీన్ని క్రీమ్డ్ బీఫ్ అంటారు. కాల్చిన బ్రెడ్డు మీద తెల్లటి గ్రేవీ వేడివేడిగా పోసి ఇస్తారు, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ వైపు పాత డైనర్లలో పొద్దుటి టిఫిన్ల మెనూలో ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడ ఉంటున్న మనవాళ్లు చాలామంది ఒకసారి తిని, చప్పగా ఉందని పక్కన పెట్టేస్తారు, లేదంటే ఇంట్లో చేసేటప్పుడు అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేసి కీమా కూరలో పాలు పోసినట్టు చేసేస్తారు. రెండూ అక్కర్లేదు. కీమా బాగా ఎర్రబడి, మైదా పచ్చి వాసన పోయేదాకా వేగి, మిరియాలు ధారాళంగా పడితే దీనికి ఇంకే మసాలా అవసరం ఉండదు, నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే.

ఇది సైన్యం తిండి. అమెరికా సైన్యం 1910లో వేసిన వంటవాళ్ల మాన్యువల్‌లో 60 మందికి లెక్కగట్టి దీని కొలతలున్నాయి. అప్పట్లో కీమా కాదు, ఉప్పు పట్టించి ఎండబెట్టి కాగితంలా పల్చగా కోసిన బీఫ్, దాన్నే చిప్డ్ బీఫ్ అంటారు. పాలకి బదులు డబ్బాల్లో వచ్చే ఎవాపొరేటెడ్ మిల్క్, అంటే నీరు చాలావరకు ఇగిరించిన పాలు. కారణం తేలికే: ఎండు మాంసానికీ డబ్బా పాలకీ ఫ్రిజ్ అక్కర్లేదు, మైదా బస్తాల్లో దూరాలకి వెళ్తుంది, వందలమందికి ఒకే పెద్ద గిన్నెలో వండొచ్చు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనికులు దీనికో మొరటు పేరు పెట్టి, పైకి మాత్రం ఎస్.ఓ.ఎస్. అని పిలుచుకునేవారు. తిట్టుకుంటూనే తిన్నారు, ఇళ్లకి వచ్చాక అదే చేయించుకుని తిన్నవాళ్లూ ఉన్నారు. అలా మెస్సు నుంచి మామూలు వంటింట్లోకి వచ్చింది, ఇంట్లో సులువుగా దొరికే కీమాతో చేయడం బాగా అలవాటైంది. నేను ముందు కీమా పద్ధతే చెబుతాను, ఎండు బీఫ్ సంగతి తర్వాత.

నలుగురికి కావలసినవి: అర కిలో కంటే కాస్త తక్కువ, అంటే 450 గ్రాముల బీఫ్ కీమా, నాలుగు టేబుల్ స్పూన్ల మైదా, 600 మిల్లీలీటర్ల పాలు, చిన్న ఉల్లిపాయలో సగం (సన్నగా తరిగి), ఒక టీస్పూన్ మిరియాలు అప్పటికప్పుడు దంచినవి, ఉప్పు, ఉంటే ఒక టీస్పూన్ వూస్టర్‌షైర్ సాస్, ఎనిమిది బ్రెడ్డు ముక్కలు. కీమాలో కొవ్వు 15 నుంచి 20 శాతం ఉంటే బాగుంటుంది, అమెరికాలో ప్యాకెట్ మీద 80/20 అనో 85/15 అనో రాసి ఉంటుంది. మరీ కొవ్వు లేని కీమా కొంటే రెండు టేబుల్ స్పూన్ల వెన్న కలపండి, ఎందుకంటే మైదా వేగాల్సింది ఆ కొవ్వులోనే. పాలు వెన్న తీయనివే వాడండి. అమెరికాలో హోల్ మిల్క్‌లో వెన్న 3.25 శాతం, ఇండియాలో టోన్డ్ పాలలో 3 శాతం, కాబట్టి ఇక్కడి మామూలు టోన్డ్ పాల ప్యాకెట్ సరిగ్గా సరిపోతుంది. ఫుల్ క్రీమ్ పాలైతే గ్రేవీ బరువుగా వస్తుంది, కావాలంటే కాసిని నీళ్లు కలుపుకోండి.

వెడల్పాటి ఇనప మూకుడు గానీ మందపాటి పాన్ గానీ పొయ్యి మీద పెట్టి బాగా వేడెక్కనివ్వండి. కీమా వేసి పరిచేసి రెండు మూడు నిమిషాలు దాన్ని ముట్టుకోకండి. వేయగానే గరిటెతో గెలకడం మొదలుపెడితే నీరు ఊరి, ఆ నీళ్లలో కీమా ఉడికి బూడిదరంగుకి తిరుగుతుంది, అక్కడే సగం రుచి పోతుంది. అడుగు ఎర్రబడ్డాక తిరగేసి, అట్లకాడతో చిదుపుతూ ఉల్లిపాయ వేసి, నీరంతా ఇగిరిపోయి కొవ్వు చిటపటలాడే శబ్దం వచ్చేదాకా వేయించండి. పాన్ అడుగున గోధుమరంగులో ఏదో అంటుకుని కనిపిస్తుంది, మాడిందని కంగారు పడొద్దు, అది నల్లబడనంత వరకూ మంచిదే, పాలు పోశాక అదంతా గ్రేవీలోకి కరిగి రంగూ రుచీ ఇస్తుంది. కీమాలో ఎక్కడా గులాబీరంగు మిగలకూడదు (థర్మామీటర్ ఉన్నవాళ్లు 71 డిగ్రీల సెల్సియస్ చూసుకోండి). కొవ్వు వంపేయకండి. మరీ ఎక్కువగా తేలితే మూడు నాలుగు టేబుల్ స్పూన్లు ఉంచుకుని మిగతాది తీసేయండి.

ఇప్పుడు మైదా. మంట తగ్గించి, మైదాని ఒకేచోట కుప్పగా కాకుండా కీమా మీదంతా చల్లి, పొడి కనపడకుండా కలపండి. కొవ్వు మైదా రేణువులకి పట్టుకోవాలి, అప్పుడు పాలు పడగానే అవి ఒకదానికొకటి అతుక్కోవు, ఉండలు కట్టవు. ఆ తర్వాత కనీసం రెండు నిమిషాలు వేయించాలి, చాలామంది తొందరపడేది ఇక్కడే, పచ్చిగా ఉన్న మైదాలో పాలు పోసేస్తే తర్వాత ఆ పచ్చి వాసన ఓ పట్టాన వదలదు, తినేటప్పుడు నాలుకకి మైదా జిగురులా తగులుతుంది. వాసనే గుర్తు: పచ్చి పిండి వాసన పోయి కమ్మటి వాసన వస్తే చాలు. మరీ ఎర్రగా వేయించొద్దు, అలా వేగితే మైదాకి చిక్కబడే గుణం తగ్గిపోతుంది.

పాలు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పోయకుండా కొంచెం గోరువెచ్చగా చేసుకోండి. ముందు ఒక కప్పు పోసి, అట్లకాడతో అడుగు గీరుతూ కలపండి, ముద్దలా తయారవుతుంది, అప్పుడు మిగతా పాలు రెండు విడతల్లో పోయండి. మొదట నీళ్లలా పల్చగా కనిపిస్తుంది, చూసి ఇంకాస్త మైదా వేసేయకండి. పిండి రేణువులు వేడికి ఉబ్బి నీటిని పీల్చుకున్నాకే చిక్కబడుతుంది, అంటే గ్రేవీ ఒక పొంగు దాకా వచ్చేవరకూ అసలు చిక్కదనం తెలియదు. బుడగలు రావడం మొదలయ్యాక సన్నటి సెగ మీద అయిదారు నిమిషాలు, అడుగంటకుండా కలుపుతూ ఉంచాలి. దోసెపిండి కంటే ఒక పిసరు జారుగా ఉన్నప్పుడు దింపేయండి, ప్లేట్లోకి వచ్చేసరికి ఇంకా చిక్కబడుతుంది.

మిరియాల్లో సగం పాలతో పాటు, మిగతా సగం దింపే ముందు వేయాలి. ముందు వేసినవి గ్రేవీ అంతా పాకుతాయి, తర్వాత వేసినవి ఘాటుగా తగులుతాయి. డబ్బాలో ఏడాదిగా ఉన్న పొడి వేస్తే ఇంత కష్టమూ వృథా, దయచేసి అప్పుడే దంచుకోండి, మరీ మెత్తగా అక్కర్లేదు. ఈ వంటకంలో కారమంటే మిరియాలే. వూస్టర్‌షైర్ సాస్ గ్రేవీ చిక్కబడ్డాకే వేయండి, దానిలో వెనిగర్ ఉంటుంది, ముందే వేస్తే పాలు విరగొచ్చు. ఉప్పు అన్నింటికంటే చివర: పాలు మరిగి తగ్గేకొద్దీ ఉప్పు పెరిగినట్టు అవుతుంది, సాస్‌లో కూడా ఉప్పుంది, కాబట్టి రుచి చూసి వేసుకోవడమే.

బ్రెడ్డుని చాలామంది పట్టించుకోరు కానీ సగం వంటకం అదే. మామూలు తెల్ల శాండ్‌విచ్ బ్రెడ్డు, బాగా గట్టిపడేదాకా కాల్చాలి, లేత బంగారు రంగులో తీసేస్తే గ్రేవీ పడగానే నానిపోయి ముద్దవుతుంది. నిన్నటి బ్రెడ్డు ఇంకా మంచిది. వెన్న రాసి కాలిస్తే గ్రేవీ వెంటనే లోపలికి దిగదు. ఇండియాలో దొరికే మిల్క్ బ్రెడ్ తియ్యగా ఉంటుంది, ఈ గ్రేవీకి అసలు నప్పదు, ఉప్పు బ్రెడ్డో లేకపోతే బేకరీలో పావో తెచ్చుకోండి. అందరూ కూర్చున్నాకే టోస్ట్ మీద గ్రేవీ పోయాలి. ముందే పోసి ఉంచకండి.

ఎండు బీఫ్‌తో చేయాలనుకుంటే అమెరికన్ షాపుల్లో హోర్మెల్, ఆర్మర్ వాళ్లవి చిన్న గాజు సీసాల్లో వస్తాయి, పల్చటి గుండ్రటి రేకుల్లా ఉంటాయి. విపరీతమైన ఉప్పు. వేడినీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి, వంపేసి, గట్టిగా పిండి, చేత్తో ముక్కలు చేసుకోవాలి. హోర్మెల్ చిన్న సీసా, అంటే 64 గ్రాములకి, రెండు టేబుల్ స్పూన్ల వెన్న, రెండు టేబుల్ స్పూన్ల మైదా, 350 మిల్లీలీటర్ల పాలు సరిపోతాయి, ఇద్దరు తినొచ్చు. వెన్నలో బీఫ్ ముక్కల అంచులు ముడుచుకుని కరకరలాడేదాకా వేయించాక మైదా, ఆ తర్వాత పాలు, మిగతాదంతా పైన చెప్పినట్టే. ఉప్పు డబ్బా దగ్గరికే వెళ్లకండి. నాకు పొద్దున తినడానికి ఇదే ఎక్కువ ఇష్టం, కీమాది రాత్రి భోజనానికి బాగుంటుంది. తెలంగాణ పల్లెల్లో ఎండబెట్టుకునే తునకలు ఇంట్లో ఉన్నవాళ్లు వాటితోనూ చేయొచ్చు, కాకపోతే అవి మందంగా, గట్టిగా ఉంటాయి కాబట్టి నానబెట్టి, కుక్కర్లో మెత్తబడేదాకా ఉడికించి, పోగులుగా చీల్చి, అప్పుడు వెన్నలో వేయించాలి. ఆ ఉడికించిన నీళ్లు పారబోయకండి, పాలలో పావు వంతు తగ్గించి అవి పోయండి (1910 నాటి సైన్యం కొలతల్లో కూడా పాలతో పాటు బీఫ్ ఉడికించిన రసం ఉంది).

ఇండియాలో బీఫ్ పేరుతో దొరికేది ఎక్కువగా గేదె, దున్న మాంసమే. కొవ్వు తక్కువ, కాబట్టి వెన్న తప్పనిసరి, కీమా ఇంకాస్త సన్నగా కొట్టించండి, లేకపోతే గ్రేవీలో ముక్క నమలాల్సి వస్తుంది. బీఫ్ తినని ఇంట్లో టర్కీ కీమా గానీ చికెన్ కీమా గానీ వాడినా పద్ధతి మారదు, మూడు టేబుల్ స్పూన్ల వెన్న, కాసిని ఎక్కువ మిరియాలు, థర్మామీటర్‌లో మాత్రం 71 కాదు, 74 డిగ్రీలు చూసుకోండి. మటన్ కీమాతో కూడా చేయొచ్చు కానీ దాని వాసన పాలని మింగేస్తుంది, నేనైతే చేయను.

మిగిలిన గ్రేవీ రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది. చల్లారాక గడ్డకట్టి పాడైనట్టు కనిపిస్తుంది, నాలుగు చెంచాల పాలు పోసి సన్నటి సెగ మీద కలుపుతూ వేడిచేస్తే మళ్లీ జారుగా అవుతుంది, పెద్ద మంట పెడితే మాత్రం అడుగంటుతుంది. మర్నాటికి బ్రెడ్డు అయిపోతే ఉడికించి వేయించిన బంగాళాదుంపల మీద పోసుకోండి, డైనర్లలో అలా కూడా ఇస్తారు.